గ్రీకు దీవిలో రాతి ఇల్లు: స్థలం చూడడం నుంచి మొదటి చలికాలం దాకా పరాయి దేశస్థులకు పని క్రమం

ఇది ఇల్లు కొనుక్కునేవాళ్ల కోసం కాదు, స్థలం కొని రాతి ఇల్లు కట్టుకోవాలనుకునేవాళ్ల కోసం. ఇందులో చెప్పింది ప్రధానంగా ఆండ్రోస్, టీనోస్, కేయా, నాక్సోస్ లాంటి సిక్లడీస్ దీవుల పద్ధతి. మిగతా దీవుల్లో ఎక్కడ తేడా వస్తుందో అక్కడే చెప్పాం.

ఈ పనిలో డబ్బు పోయేది రాయి ఖరీదు వల్ల కాదు, క్రమం తప్పడం వల్ల. పరీక్ష చేయించకముందే అడ్వాన్సు ఇస్తారు. రోడ్డు లేకముందే రాయి తెప్పిస్తారు. గోడ ఆరకముందే దర్జులు (రాళ్ల మధ్య సందులు) మూసేస్తారు. అందుకే అంకెల వరుసను దాటవేయకండి.

1. దీవి ఎంచుకునే ముందు

గ్రీసులో సరిహద్దు ప్రాంతాల చట్టం (1892/1990) ఒకటుంది. దాని ప్రకారం యూరోపియన్ యూనియన్ బయటి దేశాల పౌరులు కొన్ని ప్రాంతాల్లో స్థలం కొనాలంటే ముందుగా ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. రోడ్స్, కోస్ ఉన్న డొడెకనీస్ దీవులు, లెస్వోస్, హియోస్, సామోస్, సాంటోరిని, స్కీరోస్ ఆ జాబితాలో ఉన్నాయి. భారతీయ పాస్‌పోర్టు అయినా అమెరికా పాస్‌పోర్టు అయినా ఇది వర్తిస్తుంది. ఆండ్రోస్, టీనోస్, నాక్సోస్, పారోస్‌లకు ఈ బెడద లేదు.

రెండో సంగతి భూకంపం. గ్రీసును మూడు భూకంప మండలాలుగా విడగొట్టారు: 0.16, 0.24, 0.36 జీ (నేల ఊగే తీవ్రతను భూమ్యాకర్షణతో పోల్చి చెప్పే కొలత). సిక్లడీస్‌లో ఎక్కువ భాగం మొదటి మండలం, సాంటోరిని రెండో మండలం. కెఫలోనియా, జాకింథోస్, లెఫ్కాడా మూడో మండలం. మూడో మండలంలో కడ్డీలు లేని ఉత్త రాతి గోడ మీద కప్పు నిలబెట్టే ఆలోచన మానుకోండి.

మూడోది ఉండే హక్కు. ఇల్లు ఉన్నంత మాత్రాన గ్రీసులో ఉండే హక్కు రాదు. షెంజెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండగలరు. గోల్డెన్ వీసా (ఆస్తి మీద పెట్టుబడి పెట్టినవాళ్లకిచ్చే నివాస అనుమతి) పరిమితులు 2024 సెప్టెంబరు 1 నుంచి మారాయి. 3,100 మందికి మించి జనాభా ఉన్న దీవుల్లో 8 లక్షల యూరోలు, చిన్న దీవుల్లో 4 లక్షల యూరోలు పెట్టాలి. వీసాయే అసలు ఉద్దేశమైతే స్థలం కొని ఇల్లు కట్టడం చుట్టుదారి. వీసా లెక్క ఒకటి, ఇంటి లెక్క ఒకటి అనుకుని విడివిడిగా చూడండి.

2. కాగితాలు, డబ్బు

ముందు కావలసింది తొమ్మిది అంకెల గ్రీకు పన్ను నంబరు. దాన్ని అక్కడ 'ఆ-ఫి-మి' అంటారు. అది లేకుండా బ్యాంకు ఖాతా, కరెంటు, రిజిస్ట్రేషన్ ఏదీ జరగదు. యూరోపియన్ యూనియన్ బయట ఉండేవాళ్లు గ్రీసులో ఒక పన్ను ప్రతినిధిని కూడా పెట్టుకోవాలి.

ప్రతి సంతకానికీ విమానం ఎక్కడం కుదరదు కాబట్టి లాయరుకు పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తారు. దాన్ని గ్రీకు కాన్సులేటులో రాయించుకుంటే అనువాదం, అపోస్టిల్ (విదేశంలో చెల్లడానికి వేయించే అధికారిక ముద్ర) గొడవ తగ్గుతుంది. అందులో అధికారాలను ఒక్కొక్కటిగా రాయించండి. 'నా తరఫున అన్నీ' అన్న పత్రం ఎవరికీ ఇవ్వకండి.

సరిచూసుకోండి:
- పన్ను నంబరు, పన్ను ప్రతినిధి, గ్రీకు బ్యాంకు ఖాతా.
- అమ్మేవాడి లాయరు కాని, మీ సొంత లాయరు.
- భారతదేశంలో నివసించేవాళ్లకు: ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు పథకం) కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. చెల్లింపులను రెండు మూడు ఆర్థిక సంవత్సరాలకు సర్దుకునేలా ప్రణాళిక వేసుకోండి. ఆదాయ పన్ను రిటర్నులో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపాలి.
- అమెరికాలో ఉండేవాళ్లకు: విదేశీ ఖాతాల మొత్తం ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక దాఖలు చేయాలి. ఇల్లు కట్టేటప్పుడు ఆ ఖాతా తప్పకుండా దాటుతుంది.
- స్థలం డబ్బంతా బ్యాంకు ద్వారానే చెల్లించాలి. నగదు చెల్లదు. 'సగం చేతిలో పెట్టండి' అన్నవాడి దగ్గర కొనకండి.

బదిలీ పన్ను 3 శాతం, దాని మీద మున్సిపాలిటీ వాటా కలిపితే 3.09 శాతం. రాసుకున్న ధర, ప్రభుత్వం కట్టిన విలువ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీదే పన్ను పడుతుంది.

3. స్థలం పరీక్ష

ఎక్కువమంది మునిగేది ఇక్కడే. కొండ అంచున, సముద్రం కనబడేలా, రాతి మెట్ల పొలం ఉంటుంది. అమ్మే ఆయన 'నాలుగు స్ట్రెమ్మాలు' అంటాడు. ఒక స్ట్రెమ్మా అంటే 1,000 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 24.7 సెంట్లు. నాలుగు స్ట్రెమ్మాలంటే ఎకరానికి 47 చదరపు మీటర్లు తక్కువ.

ఊరి ప్లాను బయట ఇల్లు కట్టాలంటే సాధారణంగా కనీసం 4,000 చదరపు మీటర్ల స్థలం, దానికి గుర్తింపు పొందిన రోడ్డు మీద 25 మీటర్ల ముఖం ఉండాలి. పాత దస్తావేజుల్లో కొలతలు అడుగుల నడకతో వేసినవి. కొత్తగా కొలిస్తే 3,900 తేలిందంటే అది ఇంటి స్థలం కాదు, మేకలు మేసే పొలం. రోడ్డు ముఖం సంగతిలో గ్రీకు స్టేట్ కౌన్సిల్ (అత్యున్నత పాలనా న్యాయస్థానం) 2023లో ఇచ్చిన తీర్పు తర్వాత నియమం బిగిసింది. 'పక్కాయన ఇలాంటి చోటే కట్టాడు' అన్న మాటను సాక్ష్యంగా తీసుకోకండి. ఆయన కట్టింది పాత నియమం కింద కావచ్చు.

పరీక్షను ఈ వరుసలో చేయించండి:

1. సివిల్ లేదా సర్వే ఇంజనీరుతో జీపీఎస్ సర్వే. నకశా ఈజీఎస్‌ఏ-87 అనే గ్రీకు జాతీయ కోఆర్డినేట్లలో ఉండాలి.
2. దస్తావేజు పరిశీలన. పాత రిజిస్ట్రీలో వివరాలు మనిషి పేరు మీద ఉంటాయి, కొత్త భూరికార్డైన 'క్తిమతోలోయియో'లో స్థలం నంబరు మీద ఉంటాయి. రెండింటిలోనూ వెతకాలి. వారసుల్లో ఒకరు ఆస్ట్రేలియాలోనో అమెరికాలోనో ఉండి సంతకం పెట్టకపోవడం దీవుల్లో మామూలు.
3. అటవీ పటం. 1945 నాటి విమాన ఫొటోలతో పోల్చి ఈ పటాలు తయారుచేశారు. ఇప్పుడు ముళ్లపొదలు మాత్రమే ఉన్న స్థలం కూడా పటంలో అడవిగా ఉండొచ్చు. అడవి అని తేలితే కట్టడానికి వీల్లేదు.
4. పురావస్తు శాఖ అభిప్రాయం. తవ్వకంలో పాత గోడ బయటపడితే పని ఆగుతుంది, దొరికినది ప్రభుత్వానిదే.
5. సముద్రానికి దగ్గరైతే అధికారిక తీరరేఖ, వాన వాగు పక్కనైతే దాని హద్దు.
6. ఇంజనీరు నుంచి రాతపూర్వకంగా 'ఇక్కడ ఎన్ని చదరపు మీటర్లు కట్టొచ్చు' అన్న ధృవీకరణ. సాధ్యమైతే పర్మిషన్ ముందస్తు ఆమోదం కూడా తీసుకోండి.

ఈ ఆరూ తేలేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. స్థలం చేజారుతుందన్న భయముంటే నోటరీ దగ్గర ముందస్తు ఒప్పందం రాయించుకోండి. బయానాగా పది శాతం ఇవ్వడం వాడుక. 'కట్టడానికి అర్హత లేదని తేలితే బయానా తిరిగి ఇవ్వాలి' అన్న వాక్యం అందులో ఉండాలి.

చట్టం చెప్పని పరీక్షలు ఇంకో రెండున్నాయి. జూలై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి 'మెల్తేమి' అనే ఎండుగాలి రోజుల తరబడి వీస్తుంది. ఆ నెలల్లో ఒకసారి మధ్యాహ్నం ఆ స్థలంలో రెండు గంటలు నిలబడండి. తర్వాత జనవరిలో పెద్ద వాన మర్నాడు వెళ్లి నీళ్లు ఏ దారిన దిగాయో చూడండి. ఇల్లు ఎక్కడ పెట్టాలో ఈ రెండు రోజులే చెబుతాయి.

పాడుబడ్డ ఇల్లున్న స్థలం దొరికితే వదలకండి. 1955 నవంబరు 30కి ముందు కట్టినదని రుజువైతే ఆ నిర్మాణాన్ని చట్టబద్ధంగానే పరిగణిస్తారు. కొత్త స్థలంలో దొరకని వెసులుబాటు కొన్నిసార్లు అందులో ఉంటుంది.

4. మనుషులు, ఒప్పందం

ఇంజనీరును 'మిహానికోస్' అంటారు. పర్మిషన్‌కు, పర్యవేక్షణకు, చివరి ధృవీకరణకు బాధ్యుడు ఆయనే. ఆ దీవిలోనే ఉండేవాణ్ణి పెట్టుకోండి. ఏథెన్సులో ఉండేవాడు నెలకోసారి వస్తాడు, గోడ మాత్రం రోజూ లేస్తుంది.

పనివాణ్ణి 'మాస్తొరాస్' అంటారు. మన మేస్త్రీ, వాళ్ల మాస్తొరాస్ ఒకే లాటిన్ మాట నుంచి వచ్చినవే. ఎదురుపడితే 'మాస్తొరా' అని పిలవడమే మర్యాద. రాతిపని చేసేవాడూ కాంక్రీటు పని చేసేవాడూ ఒకరే అనుకోకండి. ఆయన కట్టిన గోడలు మూడు చూడండి. వాటిలో ఒకటైనా పదేళ్ల పాతదై ఉండాలి.

ఒప్పందంలో ఉండాల్సినవి:
- రాతిగోడకు చదరపు మీటరు ధరా, ఘనపు మీటరు ధరా? కిటికీ, తలుపు ఖాళీలను తీసివేస్తారా, లేదా?
- మూలరాళ్ల చెక్కుడుకు, కమానుకు విడి ధర.
- పరంజా, నీళ్లు, రాళ్ల దింపుడు ఎవరి ఖర్చు?
- మీటరు వెడల్పు, మీటరు ఎత్తు నమూనా గోడ. అది నచ్చాకే మిగతా పని. చివరిదాకా దాన్ని పడగొట్టకూడదు.
- పని కొలిచాకే డబ్బు. పది శాతం మొదటి చలికాలం దాటేదాకా ఆపి ఉంచాలి.

బయటివాళ్లకు తెలియని ఖర్చు ఒకటుంది. గ్రీసులో సొంత ఇల్లు కట్టించుకునేవాడిని కూలీల యజమానిగా చూస్తారు. వాళ్ల సామాజిక బీమా చందాలు స్థలం యజమాని పేరు మీదే నమోదవుతాయి. ఇంటి పరిమాణాన్ని బట్టి కనీస పనిదినాల లెక్క ఉంటుంది. ఇది కూలి డబ్బు కాదు, దానికి అదనం. ఇంజనీరు చేత ముందే లెక్క కట్టించి బడ్జెట్‌లో విడిగా రాసుకోండి. నిర్మాణం మీద వ్యాట్ మామూలుగా 24 శాతం. కొటేషన్‌లో అది కలిసి ఉందో లేదో అడగండి.

5. గోడ రకం తేల్చుకోవడం

'రాతి ఇల్లు' అన్న ఒకే మాట కింద రెండు వేరు వేరు ఇళ్లున్నాయి.

మొదటిది బరువు మోసే రాతి గోడ. 50 నుంచి 60 సెం.మీ. మందం, కప్పు బరువంతా దాని మీదే. యూరోకోడ్ 8 అనే యూరప్ భూకంప నిర్మాణ నియమావళి ప్రకారం ఇలాంటి గోడ మందం 35 సెం.మీ. కన్నా తగ్గకూడదు, ఎత్తు మందానికి 9 రెట్లు మించకూడదు. ప్రతి అంతస్తు మట్టంలోనూ, ఎట్టి పరిస్థితిలోనూ 4 మీటర్ల ఎత్తు దాటకుండానూ, ఇంటి చుట్టూ మూసుకునే కాంక్రీటు కట్టుబీము ఉండాలి. దాన్ని గ్రీకులో 'సెనాజ్' అంటారు. అందులో ఇనుము కోత వైశాల్యం కనీసం 200 చదరపు మి.మీ. ఉండాలి. 12 మి.మీ. కడ్డీలు నాలుగు వేస్తే 452 వస్తుంది.

రెండోది కాంక్రీటు చట్రం, ఇటుక, ఇన్సులేషన్, బయట 20–25 సెం.మీ. రాతి పొర. రాతి పొర పునాది మీద కూర్చోవాలి, గోడకు అతికించి వేలాడకూడదు. చదరపు మీటరుకు నాలుగైదు స్టెయిన్‌లెస్ స్టీలు కొక్కీలతో వెనక గోడకు పట్టించాలి. మామూలు ఇనుప కొక్కీలు ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉబ్బి రాయిని బయటికి తోస్తాయి.

ఏది మంచిది? పాడుబడ్డ ఇంటిని నిలబెడుతున్నారంటే మొదటిదే. కొత్త ఇల్లు కడుతున్నారంటే, రాతి గోడలకు లెక్క వేసిన అనుభవం ఉన్న ఇంజనీరు దొరికితే తప్ప రెండోదే క్షేమం. ఇంధన ఆదా నియమాల వల్ల కూడా ఇటే మొగ్గాలి. అరవై సెం.మీ. ఉత్త రాయి నేటి ఇన్సులేషన్ ప్రమాణాన్ని అందుకోలేదు. 'మందపు గోడ ఉంటే చాలు, చల్లగా ఉంటుంది' అన్నది వేసవికి నిజం. జనవరి తేమకు కాదు.

ఇంటి ఆకారానికి నాలుగు నియమాలు:
- గది లోపలి వెడల్పు 3 నుంచి 3.5 మీటర్లు. పాత ఇళ్లు సన్నగా ఉండడానికి దూలం పొడవే కారణం.
- ఉత్తరం వైపు కిటికీలు చిన్నవి, తక్కువ. పెద్దవి దక్షిణం వైపు.
- ఏ ఖాళీ అయినా ఇంటి మూలకు మీటరు దూరంలో. మూల బలహీనపడితే భూకంపంలో మొదట విడిపోయేది అదే.
- ఇల్లు వాలుకు అడ్డంగా, పొడవుగా. కొండను తక్కువగా తవ్వాలి.

బయటి కొలత 12 × 8 మీటర్లు అయితే 96 చదరపు మీటర్లు, అంటే 1,033 చదరపు అడుగులు. అర మీటరు గోడలు, మధ్యలో ఒక అడ్డగోడ తీసేస్తే లోపల మిగిలేది సుమారు 73. లోపల 8 సెం.మీ. ఇన్సులేషన్ వేస్తే మరో మూడు పోతాయి. ఫర్నిచర్ లెక్క దీని మీద వేసుకోండి, 96 మీద కాదు.

6. పర్మిషన్

దరఖాస్తు టెక్నికల్ ఛాంబర్ వారి ఆన్‌లైన్ పద్ధతిలో ఇంజనీరే పెడతాడు. సంప్రదాయ గ్రామమైతే ఆర్కిటెక్చర్ కౌన్సిల్ కూడా చూస్తుంది. కిటికీ నిష్పత్తి, రంగు, గోడ ఎత్తు దాకా అక్కడ నిర్ణయమవుతాయి. పర్మిషన్ సాధారణంగా నాలుగేళ్లు చెల్లుతుంది. పునాది, చట్రం, పూర్తి అనే మూడు దశల్లో బయటి ఇన్‌స్పెక్టరు వస్తాడు. ప్లానులో లేని వరండా కమ్మీ కూడా మూడో తనిఖీలో పట్టుబడుతుంది.

ఆగస్టు 15 మేరీమాత పండగ. ఆ నెలంతా ఆఫీసుల్లో కదలిక ఉండదు. టీనోస్ యాత్రీకులతో పడవలు నిండిపోతాయి. ఈస్టరు వారం కూడా అంతే. ఈ రెండింటినీ క్యాలెండరులో ముందే కొట్టేయండి. చాలా మున్సిపాలిటీల్లో పర్యాటక నెలల్లో తవ్వకం, బద్దలుకొట్టడం లాంటి మోత పనుల మీద ఆంక్షలుంటాయి, అడిగి తెలుసుకోండి. వేసవిలో మధ్యాహ్నం 3 నుంచి 5:30 దాకా నిశ్శబ్ద వేళ.

7. సరుకు లెక్క

12 × 8 మీటర్ల ఒంటి అంతస్తు, గోడ ఎత్తు 3.2 మీటర్లు, మందం అర మీటరు. బయటి గోడ మధ్యరేఖ 38 మీటర్లు. ఖాళీలు 20 చదరపు మీటర్లు తీసేసి అడ్డగోడ కలిపితే దాదాపు 61 ఘనపు మీటర్ల కట్టుబడి.

- రాయి: తరుగుతో కలిపి సుమారు 135 టన్నులు.
- మసాలా (రాళ్ల మధ్య పెట్టే సున్నం, ఇసుక కలిపిన అడుసు): గోడలో మూడో వంతుకు కొంచెం తక్కువ, 18–20 ఘనపు మీటర్లు.
- ఇసుక: మసాలా ఎంతో అంత, ఎందుకంటే సున్నం ఇసుక సందుల్లో ఇమిడిపోతుంది.
- జలసున్నం: 1:3 పాళ్లలో, 25 కిలోల సంచులు 165–180. ఎన్‌హెచ్‌ఎల్ 3.5 అన్న రకం అడగండి.

రాయిని ఆ దీవిదే వాడండి. ఆండ్రోస్, టీనోస్, కేయాలో పొరలు పొరలుగా విడిపోయే షిస్టు రాయి, మన కడప బండలా పలకలుగా వస్తుంది. నాక్సోస్, పారోస్‌లో పాలరాయి కలుస్తుంది. పునాది తవ్వకంలో వచ్చిన రాళ్లను పారేయకండి. మూలరాళ్లు, పలకలు, గుండ్లు, చిప్పరాళ్లు అని నాలుగు కుప్పలుగా వేరు చేయించండి. పాత మెట్లపొలాల అడ్డుగోడలు కూల్చి రాయి తీయడం మాత్రం వద్దు. వర్షపు నీటిని, మట్టిని నిలబెట్టేవి అవే.

ఇసుక కడిగినదై ఉండాలి. సముద్రపు ఇసుక ఒక్క తట్ట కూడా వద్దు. సీసాలో సగం ఇసుక, మిగతా నీళ్లు పోసి కుదిపి రాత్రంతా ఉంచండి. ఇసుక మీద పేరుకునే మట్టి పొర ఇసుక ఎత్తులో ఇరవయ్యో వంతు దాటితే ఆ లోడు తిప్పి పంపండి.

సిమెంటు, ఇనుము, కలప పడవ మీదే రావాలి. ఆండ్రోస్, టీనోస్‌లకు రఫీనా నుంచి, కేయాకు లావ్రియో నుంచి పడవలుంటాయి. సగం నిండిన లారీకి కూడా పూర్తి లారీ కిరాయే పడుతుంది. రెండు మూడు పెద్ద లోడ్లుగా కలిపి తెప్పించండి. అంతకన్నా ముందు కాంక్రీటు లారీ మీ స్థలం దాకా తిరగగలదో లేదో నడిచి చూడండి.

8. పునాది, నీటిదారి

సిక్లడీస్‌లో తరచుగా కొద్ది లోతులోనే బండ తగులుతుంది. బండ మీదకు దిగాల్సిందే, సగం బండ మీద, సగం మట్టి మీద వేస్తే గోడ చీలుతుంది. వాలులో పునాదిని మెట్లుగా కోయాలి, ఏటవాలుగా కాదు.

కొండ వైపు గోడ వెనక పునాది మట్టానికి కింద చిల్లుల పైపు, దాని చుట్టూ కంకర, కంకర చుట్టూ వడపోత గుడ్డ, పైపుకు నూటికి ఒకటి వాలు, చివర బయటి వెలుగు చూసే నోరు. ఇది పూడ్చాక సరిచేయాలంటే ఇంటి వెనకంతా తవ్వాలి. ఫొటో తీసుకున్నాకే మట్టి వేయనివ్వండి. నీటి పైపులు, కరెంటు గొట్టాలు, మురుగు పైపుల రంధ్రాలు కూడా ఇప్పుడే వదలాలి. అరవై సెం.మీ. రాతిగోడకు తర్వాత కన్నం పెట్టడం రోజుల పని.

9. గోడ కట్టడం

మంచి కాలం మార్చి నుంచి జూన్ మొదటి వారాల దాకా, మళ్లీ సెప్టెంబరు నుంచి నవంబరు దాకా. మెల్తేమి గాలికి సున్నపు మసాలా గట్టిపడక ముందే ఎండి పొడి అవుతుంది.

1. రాయిని ముందురోజు సాయంత్రం తడపండి. పొడి రాయి మసాలాలోని నీటిని పీల్చేస్తుంది.
2. మూలలు ముందు. పెద్ద మూలరాళ్లు ఒక వరుసలో ఈ గోడ వైపు పొడవుగా, తర్వాతి వరుసలో ఆ గోడ వైపు. మూలల మధ్య దారం కట్టి మిగతాది నింపాలి.
3. షిస్టును పుట్టిన పొర అడ్డంగానే పడుకోబెట్టాలి. పొరను నిలువుగా బయటికి చూపిస్తే అందంగా ఉంటుంది, కొన్ని చలికాలాల్లో చిట్లి రాలుతుంది.
4. ఒక సందు మీద రాయి, ఒక రాయి మీద సందు. నిలువు సందు రెండు వరుసలు దాటి సాగితే ఆ వరుస విప్పించండి.
5. చదరపు మీటరుకు ఒకటైనా గోడ మందమంతా పట్టే పొడుగు రాయి ఉండాలి. ఇవి లేకపోతే లోపలి ముఖం, బయటి ముఖం రెండు పలుచటి గోడలై, కడుపు ఉబ్బి విడిపోతాయి.
6. మధ్యభాగంలో చిప్పరాళ్లు చేత్తో పేర్చి మసాలా కూరాలి. పారతో తోసిన మట్టి, రాళ్ల చెత్త ఒప్పుకోకండి. పనివాళ్లు వెళ్లాక సాయంత్రం పైవరుసను ఇనుప కడ్డీతో పొడిచి చూడండి, గుల్ల ఉంటే తెలిసిపోతుంది.
7. రోజుకు 60–80 సెం.మీ. ఎత్తు మించకూడదు. సాయంత్రం తడి గోనెపట్టా కప్పాలి. కనీసం వారం రోజులు తడి ఆరనివ్వకూడదు.
8. ద్వారబంధాల మీద లింటెల్ రెండు పక్కలా 25–30 సెం.మీ. గోడ మీద ఆనాలి. ముఖానికి కనబడేది చెక్కో రాయో కావచ్చు, వెనక బరువు మోసేది కాంక్రీటు కావచ్చు. రెండింటి మధ్య అర అంగుళం ఖాళీ ఉంచితే ముఖపు రాయి పగలదు.

తూకం గుండు ప్రతి మీటరు ఎత్తుకీ మూడు చోట్ల పట్టండి. రాతిముఖం ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి రెండు సెం.మీ. తేడా సహజం. మొత్తం గోడ ఒక వైపుకే ఒరుగుతోందంటే అక్కడితో ఆపించాలి.

10. కప్పు

పాత పద్ధతిలో దూలాల మీద రెల్లు లేదా రాతి పలకలు, వాటి మీద ఎండిన సముద్రపు గడ్డి, పైన జిగట మట్టి వేసి రాతి దొర్లుడుతో అణిచేవారు. పాతిక సెం.మీ. మట్టి తడిస్తే చదరపు మీటరుకు 450 కిలోలు. భూకంపం వచ్చే నేల మీద ఆ బరువు నెత్తిన పెట్టుకోవద్దు. కింద నుంచి చూస్తే పాత కప్పే కనబడాలి, పైన మాత్రం కొత్త పొరలుండాలి:

- ఇంజనీరు లెక్క కట్టిన దూలాలు, 40–60 సెం.మీ. దూరంలో.
- 2.5 సెం.మీ. పలకలు, కావాలంటే వాటి కింద రెల్లు.
- ఆవిరి అడ్డుపొర.
- 8–10 సెం.మీ. ఇన్సులేషన్.
- నూటికి ఒకటిన్నర నుంచి రెండు వాలుతో తేలిక కాంక్రీటు.
- నీరు దిగని పొర, పిట్టగోడ మీదకు 15–20 సెం.మీ. ఎక్కించి.

దూలం కొస గోడలో కనీసం 20 సెం.మీ. దిగాలి, దాన్ని కట్టుబీముకు ఇనుప పట్టీతో బిగించాలి. కొస చుట్టూ మసాలా కూరకండి. గాలి ఆడే ఖాళీ వదలండి, లేకపోతే కనబడని చోట కుళ్లుతుంది. వాననీటి తూము ఒక్కటే పెట్టకండి. ఆకులు అడ్డుపడిన రోజు కప్పే చెరువవుతుంది. రెండోది కాస్త ఎత్తులో ఉండాలి.

11. నీటి తొట్టి

ఈ దీవుల్లో చాలా చోట్ల ఏడాదికి కురిసేది సుమారు 350–400 మి.మీ. మాత్రమే, అదీ ఎక్కువగా చలికాలంలోనే. 96 చదరపు మీటర్ల కప్పు మీద 350 మి.మీ. పడి ఐదో వంతు నష్టపోతే 27 ఘనపు మీటర్లు, అంటే 27,000 లీటర్లు అందుతాయి. తొట్టిని ఆ లెక్కనే 25–30 ఘనపు మీటర్లకు కట్టండి. 'స్టెర్నా' అనే ఈ తొట్టిలోపల పూసే 'కురసాని' అంటే ఇటుక పొడి, సున్నం కలిపిన పూత. మన డంగు సున్నంలో సుర్కీ కలిపే పద్ధతే ఇది. మొదటి వాన నీటిని బయటికి వదిలే మూత పెట్టండి. సెప్టిక్ ట్యాంకు తొట్టికి పల్లంలోనే ఉండాలి.

12. దర్జులు, వెల్ల

గోడ కట్టాక కనీసం ఒక నెల ఆరనివ్వండి. తర్వాత సందులను రెండు సెం.మీ. లోతు గోకి, తడిపి, సున్నపు మసాలాతో నింపాలి. సిమెంటుతో మూయొద్దు. గోడలోని తేమ, ఉప్పు బయటికి పోవలసిన దారి సందే. అది బిగుసుకుంటే తేమ రాయిలోంచి దారి వెతుక్కుంటుంది, రాయి ముఖం పొడిగా రాలుతుంది. అదే కారణంగా సున్నపు గోడ మీద ప్లాస్టిక్ పెయింటు వేయొద్దు. దీవి ప్రజలు ఈస్టరుకు ముందు వేసే సున్నపు వెల్ల గోడను ఊపిరి పీల్చనిస్తుంది.

13. తరచుగా వచ్చే తప్పులు, సవరణలు

- గోడ అడుగున తెల్లటి ఉప్పు పూత: నీటిదారి మూసుకుంది. ముందు పైపు నోరు శుభ్రం చేయించండి, తర్వాత పొడి బ్రష్షుతో దులపండి. నీళ్లతో కడిగితే ఉప్పు మళ్లీ లోపలికి పోతుంది.
- వేలితో గోకితే మసాలా రాలుతోంది: తొందరగా ఎండిపోయింది. పైపైన అయితే మూడు సెం.మీ. తీసి మళ్లీ నింపండి. లోతుగా ఉంటే ఇంజనీరును పిలవండి.
- కిటికీ మూల నుంచి ఏటవాలు చీలిక: లింటెల్ ఆనుడు చాలలేదు లేదా పునాది దిగింది. చీలిక మీద గాజు ముక్క అంటించి తేదీ రాయండి. నెలల తర్వాత గాజు పగిలితే కదలిక ఇంకా సాగుతోందని అర్థం. చీలికను మూసి రంగు వేయడం పరిష్కారం కాదు.
- శీతాకాలంలో గది మూలల్లో బూజు: రాతి గోడకు అతుక్కుని అల్మరా పెట్టారు. అరచేతి వెడల్పు ఖాళీ వదలండి, రోజుకు రెండుసార్లు ఎదురెదురు కిటికీలు తెరవండి.
- కాంట్రాక్టరు మధ్యలో వేరే సైటుకు వెళ్లిపోయాడు: చెల్లించిన డబ్బు అయిన పనిని దాటితేనే ఇలా జరుగుతుంది. నాలుగో అంకెలోని 'కొలిచాకే డబ్బు' వాక్యం ఇందుకే.

14. ముగింపు కాగితాలు, మొదటి చలికాలం

మూడో తనిఖీ అయ్యాకే శాశ్వత కరెంటు వస్తుంది. ఇంటి ఎలక్ట్రానిక్ గుర్తింపు పత్రం ఇంజనీరు తయారుచేస్తాడు. రేపు అమ్మాలన్నా పిల్లలకు రాయాలన్నా అదే అడుగుతారు. ఏటా 'ఎన్ఫియా' అనే ఆస్తి పన్ను కట్టాలి. సామాజిక బీమా ఖాతా మూసినట్టు రసీదు తీసి దాచండి.

తాళం వేసి వెళ్లే ముందు అక్కడే ఉండే ఒకరికి తాళంచెవి, ఈ జాబితా ఇవ్వండి. మొదటి మూడు పెద్ద వానల తర్వాత ఆయన చూడవలసినవి:
- రెండు తూములూ పారుతున్నాయా?
- ఇంటి వెనక పైపు నోటి నుంచి నీళ్లు వస్తున్నాయా? వాన పడినా రాకపోతే మూసుకుందని అర్థం.
- దూలాల కొసల దగ్గర గోడ తడి రంగు తేలిందా?
- తొట్టిలో నీటి మట్టం ఎంత? వాన ఆగాక వారానికి అది తగ్గితే తొట్టి కారుతోంది.
- ఉత్తరం కిటికీల గడప కింద నీరు చేరిందా?

ఫొటోలు తేదీతో పంపమనండి. ఆపి ఉంచిన పది శాతం ఆ ఫొటోలు చూసి మార్చిలో విడుదల చేయండి.